జాంగో నేర్చుకొనువారు చేయు తప్పులు – వాని నివారణోపాయములు

మన గుంటూరు, ప్రకాశము జిల్లాలలో మిరప పండించు రైతునకు ఆకుముడుత యననేమో చెప్ప నక్కరలేదు. కాని ముడుత యంతయు నొక్కటి కాదు. ఆకు అంచులు పైకి ముడిచికొని దోనెవలె నైనచో అది తామరపురుగు పని. అంచులు క్రిందికి వంగి, ఆకు బోర్లించిన పడవవలె నైనచో అది తెల్లనల్లి పని. ఒకదానికి కొట్టవలసిన మందు వేరు, రెండవదానికి కొట్టవలసిన మందు వేరు. 2021–22 పంటకాలమున క్రొత్తరకపు తామరపురుగు పూవులలో దూరి మన మిరపతోటలను పాడుచేసినపుడు, పురుగేదో తెలిసికొనకయే మందు వెంట మందు కొట్టినవారు పైకమును పోగొట్టుకొనిరి, పంటయు దక్కలేదు. ముందు ఆకును త్రిప్పి చూచుట, పిమ్మట మందు కొట్టుట – ఇదియే తెలివిగల సేద్యము.

ఈ వ్యాసము మిరపను గూర్చినది కాదు. కంప్యూటరుపై వెబ్ అప్లికేషన్లు నిర్మించుటకు వాడు జాంగో అను సాధనమును గూర్చినది. అయినను రెండింటికిని చికిత్స యొక్కటే యని మాకు అనుభవముమీద తెలిసినది. మా పాఠశాల కంప్యూటరు సంఘమువారము ఈ సంవత్సరము ‘మిర్చి పద్దు’ అను చిన్న అప్లికేషనును వ్రాసితిమి. ఏ తేదీన ఎన్ని టిక్కీలు లారీకెక్కినవి, కాటాలో ఎంత తూగినవి, క్వింటాలు ఏ ధరకు పోయినది – ఈ లెక్క రైతు కుటుంబము తన ఫోనులోనే చూచుకొనవలెనని మా యుద్దేశము. దానిని వ్రాయుటలో మేము చేయని తప్పు లేదు. మా తరువాత నేర్చుకొనువారు అవే గుంటలలో పడకుండుటకై వానిని వరుసగా వ్రాయుచున్నాము.

జాంగో యననేమి?

అమెరికా దేశమందలి కాన్సస్ రాష్ట్రములో లారెన్స్ అను పట్టణము కలదు. అచ్చటి ‘లారెన్స్ జర్నల్-వరల్డ్’ అను దినపత్రికలో పనిచేయుచుండిన ఆడ్రియన్ హోలోవాటీ, సైమన్ విల్లిసన్ అనువారు 2003లో దీనికి పునాది వేసిరి. పత్రికాలయములో పనులు గంటలలో ముగియవలెను గావున, ప్రతి వెబ్‌సైటునకును మరల మరల వ్రాయవలసిన భాగములను ఒక్కచోట చేర్చిరి. 2005 జూలైలో దీనిని ఎల్లరును ఉచితముగా వాడుకొనునట్లు లోకమునకు విడుదల చేసిరి. జాంగో రైన్‌హార్ట్ (1910–1953) అను సుప్రసిద్ధ గిటారు విద్వాంసుని పేరు దీనికి పెట్టబడినది. ఇంగ్లీషున వ్రాయునపుడు మొదట ‘డి’ అను అక్షరముండును గాని దానిని పలుకరు. ఇది పైథాన్ భాషలో వ్రాయబడినది.

జాంగోలో ముఖ్యముగా నాలుగంగములు గలవని తెలిసికొన్న చాలును. మోడల్ అనునది పద్దుపుస్తకములోని గళ్ళవంటిది. ఏ గడిలో ఏమి వ్రాయవలెనో నిర్ణయించును. యు.ఆర్.ఎల్. పట్టిక వాకిట నిలిచి, వచ్చినవారిని ఏ గదికి పంపవలెనో చెప్పును. వ్యూ అనునది లోపల కూర్చున్న గుమాస్తా; అడిగిన లెక్క తీసి యిచ్చును. టెంప్లేటు అచ్చు ఫారమువంటిది. గుమాస్తా యిచ్చిన లెక్కను అందముగా కాగితముపై దించును. తప్పు ఈ నాలుగింటిలో నెచ్చట నున్నదో పోల్చుకొనుటయే చికిత్సలో సగము.

తప్పును చదువు విధము

తప్పు కలిగినపుడు తెరపై ముప్పది నలుబది వరుసల యింగ్లీషు ఒక్కసారిగా వచ్చి పడును. దీనిని ట్రేస్‌బ్యాక్ అందురు. చూడగనే గుండె బెదరును. అందుచే ననేకులు చదువకయే ప్రోగ్రాములో తోచిన వరుసనెల్ల మార్చుదురు. ఇది ఆకును చూడక మందు కొట్టుటయే.

టెర్మినల్‌లో వచ్చు ట్రేస్‌బ్యాకును చదువుటకొక పద్ధతి కలదు. ముందు అన్నిటికంటె క్రింది వరుసను చదువవలెను. తప్పు యొక్క జాతియు, దాని కారణమును అచ్చట నుండును. పిమ్మట క్రిందినుండి పైకి పోవుచు, మనము స్వయముగా వ్రాసిన ఫైలు పేరు మొదట ఎచ్చట కనబడునో చూడవలెను. జాంగో లోపలి ఫైళ్ళను విడిచిపెట్టవచ్చును. తప్పు వానిలో నుండుట మిక్కిలి అరుదు. మన ఫైలు పేరును, వరుస సంఖ్యయు దొరికినచో, రోగము కనబడిన ఆకు దొరికినట్లే. వేరు మరియొకచోట నుండవచ్చును గాని వెదకుట అచ్చటనుండియే ప్రారంభింపవలెను.

మేము తప్పులను రెండు తెగలుగా విభజించితిమి. మొదటివి అరచు తప్పులు. ఇవి పనిని ఆపివేసి, తమ పేరు తామే చెప్పును. రెండవవి మాటాడని తప్పులు. పని సాగిపోవుచునే యుండును గాని లెక్క తప్పుగా వచ్చును. మొదటివానికి భయపడ నక్కరలేదు. రెండవవానికి భయపడవలెను.

అరచు తప్పులు

1. జాంగో కనబడకపోవుట. నిన్న పనిచేసిన ప్రోగ్రాము నేడు ‘జాంగో అను మాడ్యూలు లేదు’ అనును. జాంగో ఎచ్చటికిని పోలేదు. ప్రతి పనికిని వేర్వేరుగా నుంచుకొను వర్చువల్ ఎన్విరాన్‌మెంటును ఆ పూట మేల్కొల్పుట మరచితిమి, అంతియే. క్రొత్త టెర్మినల్ తెరచిన ప్రతిసారియు దానిని మరల మేల్కొల్పవలెను. మాలో ఇద్దరు ఈ సంగతి తెలియక జాంగోను మరల మరల స్థాపించి, ఒక్కొక్కచోట నొక్కొక్క వెర్షను పెట్టుకొని, ఒకరి ప్రోగ్రాము ఇంకొకరి కంప్యూటరులో నడువక వారము దినములు చిక్కుపడిరి. ఏ వెర్షనులు వాడుచున్నామో ఒక ఫైలులో వ్రాసియుంచుకొనుట దీనికి విరుగుడు.

2. పట్టిక లేకపోవుట. ‘నో సచ్ టేబుల్’ అను మాటను క్రొత్తవారు చూడక తప్పదు. మోడలును వ్రాయుట ఇంటి పటము మనస్సులో గీసికొనుటవంటిది. ‘మేక్‌మైగ్రేషన్స్’ అను ఆజ్ఞ ఆ పటమును కాగితముపై దించును. ‘మైగ్రేట్’ అను ఆజ్ఞ యిల్లు కట్టును. మొదటి యాజ్ఞతోనే ఇల్లు లేచినదనుకొని లోపలికి పోబోవువాడు బయలులో నిలుచును. మోడల్ మార్చిన ప్రతిసారియు ఈ రెండాజ్ఞలును వరుసగా నీయవలెను. ‘మార్పులేమియు లేవు’ అని జాంగో బదులు చెప్పినచో, సెట్టింగ్స్‌లోని ‘ఇన్‌స్టాల్డ్ యాప్స్’ జాబితాలో మన యాప్ పేరు చేర్చితిమో లేదో చూడవలెను; ఫైలును సేవ్ చేసితిమో లేదో యదియు చూడవలెను.

ఈ సందర్భమున ఒక హెచ్చరిక. మైగ్రేషను చిక్కుపడినపుడు డేటాబేసు ఫైలునే తుడిచివేసి మొదటినుండి ప్రారంభింపుమని సలహా చెప్పువారు పెక్కురు. అభ్యాసకాలమున అది సులభమే. కాని ‘తూకము’ అను క్రొత్త గడి చేర్చబోయి చిక్కుపడి, మాలో నొకరు ఫైలును తుడిచివేయగా, అంతకుముందు మూడు దినములుగా రైతుల యిండ్లకు పోయి వ్రాసికొనివచ్చిన పద్దులన్నియు పోయినవి. కాగితముపై నకలుండుటచే బ్రతికితిమి. నిజమునకు జాంగో అప్పుడడిగిన ప్రశ్న చాల న్యాయమైనది: ‘ఇదివరకే యున్న వరుసలలో ఈ క్రొత్త గడిలో ఏమి వ్రాయవలెను?’ అని అడిగెను. గడిని ఖాళీగా విడువవచ్చునని మోడలులో చెప్పియున్నను, తాత్కాలికముగా నొక విలువ నిచ్చియున్నను సరిపోయెడిది. ఏమి మార్చుటకును ముందు డేటాబేసు నకలు తీసి పెట్టుకొనవలెను.

3. టెంప్లేటు దొరకకపోవుట. ‘టెంప్లేట్ డజ్ నాట్ ఎగ్జిస్ట్’ అనునపుడు, జాంగో తాను ఏయే అరలలో వెదకినదో జాబితా వ్రాసి చూపును. ఆ జాబితాను చదివినచో జవాబు అందులోనే యుండును. యాప్ లోపలి ఫోల్డరు పేరు ‘టెంప్లేట్స్’ అని బహువచనములోనే యుండవలెను. చివర ‘ఎస్’ అక్షరము మరచినచో కనబడదు. రెండు యాప్‌లలో ఒకే పేరుగల టెంప్లేట్లున్నచో మొదట కనబడినదానినే జాంగో తీసికొనును. కావున టెంప్లేట్స్ ఫోల్డరులో మరల యాప్ పేరుతో నొక ఫోల్డరు పెట్టి, అందులో ఫైళ్ళనుంచుట మేలు.

4. త్రోవ తప్పుట. పుట దొరకలేదను 404 తప్పునకు కారణము సాధారణముగా యు.ఆర్.ఎల్. పట్టికలో నుండును. జాంగో ఆ పట్టికను పైనుండి క్రిందికి చదువుచు, మొదట సరిపోయిన వరుసయొద్దనే ఆగిపోవును. అందుచే అన్నిటికిని సరిపోవు విశాలమైన వరుసను పైన పెట్టినచో, దాని క్రిందివానికి ఎన్నడును పిలుపు రాదు. చివరి గీత, అనగా స్లాష్, కూడ చూచుకొనవలసినదే.

5. నిషిద్ధమనుట. ఫారము నింపి పంపగనే 403 సంఖ్యతో ‘సి.ఎస్.ఆర్.ఎఫ్. పరీక్ష విఫలమైనది’ అని వచ్చును. క్రొత్తవారికి ఇది అకారణమైన అడ్డుగా తోచును. కాని ఇది కావలివాని పని. మీరు ఒక సైటులో లాగిన్ అయియుండగా, మరియొక దుష్టమైన సైటు మీకు తెలియకుండ మీ బ్రౌజరుచేత మొదటి సైటునకు ఫారము పంపింపవచ్చును. బ్రౌజరు మీ గుర్తింపును దానితోకూడ పంపును గావున, సైటు అది మీరే పంపినదని భ్రమపడును. శీతల గిడ్డంగిలో టిక్కీలు పెట్టిన రైతునకు చీటీ యిత్తురు గదా! రైతు పేరు చెప్పినంతమాత్రమున ఎవరికిని సరుకు నీయరు, చీటీ చూపవలెను. అట్లే జాంగో తానిచ్చు ప్రతి ఫారములోను నొక రహస్యపు చీటీ నుంచి, తిరిగివచ్చినపుడు దానిని పరీక్షించును. పోస్ట్ పద్ధతిని పంపు ప్రతి ఫారములోను సి.ఎస్.ఆర్.ఎఫ్. టోకెన్ అను ట్యాగును చేర్చుటయే సరియైన మందు. కావలివానినే తొలగించుటకు ‘ఎగ్జెంప్ట్’ అను ఉపాయమొకటి కలదు. దానిని వాడుట గిడ్డంగి తలుపు తీసి నిద్రించుటయే.

6. తెలుగు పేర్లు తునిగిపోవుట. ఇది తెలుగువారమైన మనము ప్రత్యేకముగా నెరుగవలసినది. ‘నో రివర్స్ మ్యాచ్’ అను తప్పు టెంప్లేటులో కనబడినది. మేము టెంప్లేటును పదిసార్లు తిరుగవ్రాసితిమి, ఫలము లేదు. వేరు వేరొకచోట నున్నది. మిరప రకముల పేర్లనుండి పుట విలాసములను తయారుచేయుటకు జాంగోలోని ‘స్లగిఫై’ అను ఉపకరణమును వాడితిమి. అది సామాన్యముగా ఇంగ్లీషు అక్షరములను, అంకెలను మాత్రమే నిలుపును. ‘తేజ’ అను తెలుగు పేరు నిచ్చినచో ఏమియు మిగులదు. ఆ శూన్యమైన పేరుతో త్రోవ కట్టజాలక జాంగో అరచెను. యూనికోడును అనుమతింపుమని చెప్పితిమి. అప్పుడు ‘తేజ’ కాస్త ‘తజ’ అయ్యెను. ‘గుంటూరు’ కాస్త ‘గటర’ అయ్యెను! ఏలయన, ఆ ఉపకరణమునకు ఆధారమైన పైథాన్ పద్ధతి హల్లును అక్షరముగా గుర్తించును గాని గుణింతపు గుర్తులను, సున్నను అక్షరములుగా గుర్తింపదు. వానిని తీసి పారవేయును. పైగా యు.ఆర్.ఎల్. పట్టికలోని ‘స్లగ్’ అను అచ్చు తెలుగు అక్షరములకు సరిపోదు. తుదకు విలాసములో పేరునకు బదులు వరుస సంఖ్యనే వాడి, తెలుగు పేరును పుటలో మాత్రము చూపితిమి. చిక్కు తీరినది.

మాటాడని తప్పులు

7. ఖాళీగా మిగులు గడి. టెంప్లేటులో ఒక పేరును తప్పుగా వ్రాసినచో జాంగో అరవదు; ఆ చోటును ఖాళీగా విడిచిపెట్టును. మా పట్టికలో ధరల వరుస ఒకనాడు పూర్తిగా ఖాళీ యయ్యెను. ధర యింకను నిర్ణయము కాలేదని చూచినవారు భావించిరి. నిజమునకు వ్యూలో నొక పేరు, టెంప్లేటులో నొక పేరు వ్రాసితిమి. ఖాళీ కనబడినచోట ‘లేదు’ అని తలపక ‘పేరు సరిపోయినదా?’ అని మొదట ప్రశ్నించుకొనవలెను.

8. రూపాయి లెక్కలో ఫ్లోట్. పదింట నొకవంతును, పదింట రెండువంతులను కూడుమని పైథాన్‌ను అడుగుడు, 0.3 అని కాక 0.30000000000000004 అని చెప్పును. కంప్యూటరు అంకెలను రెంటి లెక్కన దాచుకొనుటచే, ఫ్లోట్ పద్ధతిలో కొన్ని దశాంశములు సరిగా ఇమిడియుండవు. ఒక్క పద్దులో నిది కనబడదు. అనేక పద్దులు కూడినపుడును, పైసలను సవరించునపుడును లెక్క తేలక పేచీ వచ్చును. పైకమునకును తూకమునకును డెసిమల్ ఫీల్డును వాడవలెను. ఎన్ని దశాంశస్థానములో మనమే నిర్ణయింపవలెను.

9. నిలిచిపోయిన తేదీ. క్రొత్త పద్దునకు నేటి తేదీ దానంతట అదే పడవలెనని మోడలులో ‘టుడే’ అను ఫంక్షనును వ్రాసితిమి. ఫంక్షను పేరు వ్రాయవలసినచోట చివర కుండలీకరణములను గూడ పెట్టితిమి. ఆ రెండు చిన్న గుర్తులవలన ఫంక్షను సర్వరు మొదలైనపుడు ఒక్కసారి పిలువబడి, ఆ నాటి తేదీ స్థిరపడిపోయెను. సర్వరును ఆపకున్నంతకాలము ఎన్ని దినములు గడచినను పద్దులన్నియు ఆ తేదీనే చూపెను. కుండలీకరణములు తీసివేసినచో జాంగో ప్రతి పద్దునకును ఆ ఫంక్షనును తానే పిలిచి, ఆ నాటి తేదీని వేయును. జాంగో ఈ తప్పును గూర్చి తనిఖీ చేయునపుడు హెచ్చరిక వ్రాసెను. పని ఆగలేదు గావున మేము దానిని చదువలేదు. హెచ్చరికలను గూడ చదువవలెను.

10. అయిదున్నర గంటల భేదము. దీనిని గూర్చి వ్రాయుటకు మేము సిగ్గుపడుచున్నాము. అయినను వ్రాయక తప్పదు.

మాలో నొకని తాతగారు మిరప రైతు. ఒక సోమవారము ఉదయము 9 గంటలకు 35 టిక్కీలు లారీలో పంపిరి. మిగిలిన 25 టిక్కీలను వారి చిన్నకుమారుడు మంగళవారము తెల్లవారుజామున 4 గంటలకు అదే లారీకెక్కించి పంపెను. రెండుసార్లును పద్దు అప్పటికప్పుడే మా అప్లికేషనులో వ్రాయబడినది. తరువాత లారీ యజమాని రెండవ బాడుగకై వచ్చినపుడు, తాతగారు మనుమని ఫోను చూచిరి. అందులో సోమవారము 60 టిక్కీలు, మంగళవారము శూన్యము. సోమవారపు బాడుగ అప్పుడే యిచ్చియుండిరి. ‘మంగళవారం బండి పోనే లేదు, లెక్కలో చూడవయ్యా’ అని వారు లారీ యజమానిని పలువురి యెదుట తప్పుపట్టిరి. అతడు తన చీటీ చూపెను, ప్రయోజనము లేకపోయెను. మారు మాటాడక వెడలిపోయెను.

సాయంకాలము చిన్నకుమారుడు ఇల్లు చేరి జరిగినది చెప్పగా, అందరును నిశ్చేష్టులైరి. తాతగారు మనుమని పిలిచి, ‘ఒరే అబ్బాయీ, మిషను అబద్ధం చెప్పదన్నావు. మరి ఆయన్ను దొంగను చేసిందెవరురా?’ అని అడిగిరట. ఆ ప్రశ్నను మరునాడు అతడు మా సంఘమునకు తెచ్చెను.

కారణమిది. జాంగోతో క్రొత్త ప్రాజెక్టును ప్రారంభించినపుడు సెట్టింగ్స్‌లో కాలమండలము ‘యు.టి.సి.’ అని యుండును. మన దేశకాలము దానికంటె అయిదున్నర గంటలు ముందు. మనకు మంగళవారము ఉదయము 4 గంటలైనపుడు, యు.టి.సి. ప్రకారము సోమవారము రాత్రి 10 గంటల 30 నిమిషములే. అనగా మనకు తెల్లవారుజామున అయిదున్నరలోపల వ్రాసిన ప్రతి పద్దును వెనుకటి దినములో పడును. పాఠశాలలో పగటివేళ మాత్రమే పరీక్షించుటచే ఈ తప్పు మాకు ఒక్కసారియు కనబడలేదు. మిరప రైతు దినచర్య మాత్రము తెల్లవారక మునుపే ప్రారంభమగును.

మందు ఒక్క వరుస: కాలమండలమును ‘ఆసియా/కోల్‌కతా’ అని మార్చుట. జాంగో కాలమును లోపల యు.టి.సి.లోనే దాచుకొని, చూపునపుడు మాత్రము మన మండలమునకు మార్చును. కావున ఆ వరుస మార్చగనే పాత పద్దులు సైతము తమ తమ సరియైన దినములకు చేరినవి. ఆ 25 టిక్కీలును మంగళవారమునకు వచ్చినవి. తాతగారు బాడుగ తీసికొని స్వయముగా లారీ యజమాని యింటికి పోయి, తప్పు ఒప్పుకొని ఇచ్చివచ్చిరి. మేమును వెంట పోయితిమి. అతడు మమ్ము ఏమియు ననలేదు. ‘చదువుకునే పిల్లలు గదా, పోనీలెండి’ అనెను. ఆ మాట మాకు ఏ శిక్షకంటెను ఎక్కువగా తగిలినది.

లోకమునకు తెరచునపుడు

అభ్యాసకాలమున ‘డీబగ్’ అను మీట తెరచియుండును. తప్పు వచ్చినపుడు జాంగో లోపలి సంగతులన్నియు తెరపై చూపును. సైటును పదిమందికి తెరచునపుడు దీనిని మూయవలెను. మూయగనే రెండు చిక్కులు వచ్చును. మొదటిది, ‘అలౌడ్ హోస్ట్స్’ జాబితాలో మన సైటు పేరు లేనిచో వచ్చినవారికి 400 తప్పు చూపును. రెండవది, రంగులు, బొమ్మలు మాయమై పుట బోసిపోవును. ఏలయన ఆ స్థితిలో జాంగో స్టాటిక్ ఫైళ్ళను తాను వడ్డింపదు. ‘కలెక్ట్‌స్టాటిక్’ ఆజ్ఞతో వానిని ఒక్కచోట చేర్చి, వెబ్ సర్వరుచేత గాని ‘వైట్‌నాయిస్’ అను ఉపకరణముచేత గాని వడ్డింపజేయవలెను. ఈ శ్రమకోర్వజాలక డీబగ్ మీటను మరల తెరచి విడుచువారు కలరు. అట్లు చేసినచో ఎక్కడ తప్పు జరిగినను మన ప్రోగ్రాము లోపలి వరుసలు, ఫైళ్ళ విలాసములు ఎవరికైనను కనబడును. ‘సీక్రెట్ కీ’ అను రహస్యపు పదమును గూడ ఎల్లరు చూచు చోట ఉంచరాదు. తెరచుటకు ముందు ‘చెక్ – డిప్లాయ్’ అను ఆజ్ఞ నిచ్చినచో, మరచిన జాగ్రత్తలను జాంగోయే చాలవరకు వరుసగా చెప్పును.

ముగింపు

విద్యార్థులారా, అరచు తప్పునకు మందు చదువుట. మాటాడని తప్పునకు మందు పరీక్షించుట. 43 కిలోల 600 గ్రాముల టిక్కీ, క్వింటాలు 15,000 రూపాయల ధరకు ఎంత? చేతితో లెక్క కట్టుడు, 6,540 రూపాయలు. ఇప్పుడు ప్రోగ్రాము నడుగుడు. రెండును సరిపోయినవా? జాంగోలో ‘టెస్ట్’ అను ఆజ్ఞ కలదు. మనము చేతితో కట్టిన లెక్కను, తెల్లవారుజామున 4 గంటల పద్దును, తెలుగు పేరును అందులో ఒక్కసారి వ్రాసియుంచినచో, ఆజ్ఞ యిచ్చినపుడెల్ల అది ప్రత్యేకమైన డేటాబేసులో మనకొరకు పరీక్షించును. అసలు పద్దులను ముట్టదు.

ఒక్కసారి ఒక్క మార్పు మాత్రమే చేయుడు. చేసిన మార్పును వ్రాసికొనుడు. పని కుదిరినచో ఎందుచేత కుదిరినదో తెలిసికొనకుండ ముందునకు పోకుడు. కారణము తెలియక కుదిరినది, కారణము తెలియకయే మరల చెడును. ప్రోగ్రామును వాడువారు ఏ వేళ, ఏ విధమున వాడుదురో వారి యొద్దకు పోయి చూడుడు.

కల్లములో ఎండిన మిరపను మన తల్లులు ఒక్కొక్క కాయను చూచి తాలును వేరుచేయుదురు. తాలుకాయ తనంతట తాను పేరు చెప్పుకొనదు. ఎఱ్ఱకాయల నడుమ కలిసియుండును. దానిని ఏరక మూట కట్టినచో కాటా దగ్గర తూకము తగ్గదు గాని, కొనువాని యెదుట రైతు మాట తగ్గును. మన ప్రోగ్రాములును అట్టివే. మేము ఈ సంవత్సరము ఏరిన తాలు ఇది. వచ్చు సంవత్సరము సంఘములో చేరువారు ఇంకను మిగిలినదానిని ఏరుదురుగాక.